బ్లూనోస్ ఓడ – దాని నమూనాను బాగుచేసే పద్ధతి

మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టిన ఓడ ముందు మనం ఒక నిమిషం నిలబడి, "ఎంత బాగా చేశారో" అనుకుని ముందుకు వెళ్ళిపోతాం. దాన్ని ఓడ బొమ్మ అంటాం గానీ సరైన మాట నమూనా. బొమ్మకూ నమూనాకూ మధ్య తేడా కొలతలోనే ఉంది. నమూనాలో ఉన్న ప్రతి చెక్కా, ప్రతి తాడూ అసలు ఓడలో ఉన్న ఒక చెక్కకూ, ఒక తాడుకూ లెక్క ప్రకారం సరిపోవాలి. అటువంటి నమూనా పాతబడి, తాళ్ళు తెగి, కొయ్యలు విరిగితే దాన్ని ఎలా బాగుచేయాలన్నది మ్యూజియం విద్యలో ఒక పాఠం. పి.జి.లో మేము ఇష్టంగా చదువుకున్న పాఠాల్లో ఇది ఒకటి. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు దీన్ని ఎంచుకున్నాం. పదో తరగతి లెక్కలు, సైన్సు గుర్తున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఇందులో అర్థం కానిదంటూ ఉండదు.

ఉదాహరణగా కెనడా దేశపు బ్లూనోస్ అనే ఓడను తీసుకుందాం. నమూనాను ముట్టుకోవడానికి ముందు అసలు ఓడ కథ తెలియాలి. తెలియకుండా చేయిపెట్టినవాడు బాగుచేయబోయి పాడుచేస్తాడు.

ఓడ కథ

బ్లూనోస్ స్కూనర్ జాతి ఓడ. తెరచాపలు కట్టే నిలువు కొయ్యను మాస్ట్ అంటారు. స్కూనర్‌కు రెండు గానీ, అంతకంటే ఎక్కువ గానీ మాస్ట్‌లు ఉంటాయి. బ్లూనోస్‌కు రెండు. ముందుది కొంచెం పొట్టి, వెనుకది పొడుగు. పాత పెద్ద ఓడల్లో తెరచాపలు ఓడకు అడ్డంగా ఉండేవి. స్కూనర్‌లో ముఖ్యమైన తెరచాపలు ఓడ పొడవు వెంబడి ఉంటాయి. దీనివల్ల రెండు లాభాలు. గాలి ఎదురుగా వస్తున్నా ఏటవాలుగా మలుపులు తిరుగుతూ ముందుకు పోవచ్చు. తెరచాపలను చాలావరకు కింద నిలబడే లాగవచ్చు కాబట్టి తక్కువ మంది సరిపోతారు. చేపలవేటకు ఈ రెండూ కావలసినవే.

కెనడా తూర్పు తీరంలో నోవాస్కోషియా రాష్ట్రం ఉంది. అక్కడి లూనెన్‌బర్గ్ రేవు నుంచి స్కూనర్లు గ్రాండ్ బ్యాంక్స్ అనే చోటికి కాడ్ చేపల కోసం వెళ్ళేవి. వేట స్కూనర్ మీద నుంచి జరిగేది కాదు. స్కూనర్ మీద డోరీలు అనే చిన్న పడవలు ఉండేవి. కూర్చునే అడ్డపలకలను తీసేసి వాటిని గిన్నెలు పేర్చినట్టు ఒకదానిలో ఒకటి పేర్చేవారు. వేటచోటు రాగానే ఒక్కో డోరీలో సాధారణంగా ఇద్దరు చొప్పున నడిసముద్రంలోకి దిగి, వందల గాలాలు కట్టిన పొడుగాటి తాళ్ళు వదిలేవారు. పొగమంచు కమ్మితే డోరీ తిరిగి స్కూనర్‌ను చేరుకోలేకపోవడమూ జరిగేది. 1926, 1927 సంవత్సరాల ఆగస్టు తుఫానుల్లో సేబుల్ ద్వీపం దగ్గర లూనెన్‌బర్గ్ ఓడలు కొన్ని మనుషులతో సహా మునిగిపోయాయి. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, నమూనా దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

బ్లూనోస్ పుట్టుకకు కారణం ఒక పందెం. 1920లో అమెరికాలో ధనవంతుల పడవపందెం ఒకటి గాలి ఎక్కువగా ఉందని వాయిదా పడింది. ఆ మాత్రం గాలికి వాయిదానా అని చేపలవేట వాళ్ళు నవ్వుకున్నారు. హాలిఫాక్స్ హెరాల్డ్ పత్రిక యజమాని, నిజంగా వేటచేసే స్కూనర్లకే పందెం అని ఒక కప్పు ప్రకటించాడు. మొదటి ఏడాది ఆ కప్పును అమెరికాలోని గ్లౌసెస్టర్ వాళ్ళ ఎస్పెరాంటో అనే ఓడ గెలుచుకుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి కట్టిన ఓడే బ్లూనోస్. పందెంలో పాల్గొనాలంటే ఆ ఓడ ముందు వేటకు వెళ్ళి వచ్చి ఉండాలన్నది నిబంధన. కనుక అది పందెపు ఓడ మాత్రమే కాదు, బతుకుతెరువు ఓడ కూడా.

దాని రూపకర్త విలియం రూయే. హాలిఫాక్స్‌లో సోడా, అల్లం పానీయం తయారుచేసే కుటుంబ వ్యాపారంలో ఉండేవాడు. ఓడల రూపకల్పనను ఏ కాలేజీలోనూ చదవలేదు, పుస్తకాలు దగ్గర పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాడు. స్మిత్ అండ్ రూలాండ్ అనే కార్ఖానాలో ఓడను కట్టి 1921 మార్చి 26న నీళ్ళలోకి దించారు. కెప్టెన్ యాంగస్ వాల్టర్స్.

ఇక్కడ ఒక చిన్న వివరం. రూయే గీసిన ప్లాను ప్రకారం ఓడ ముందుభాగంలో నావికులు పడుకునే గది పైకప్పు తక్కువ ఎత్తులో ఉంది. కడుతున్నప్పుడు ఆ భాగాన్ని 18 అంగుళాలు పెంచారు. పెంచిన ఎత్తు వల్ల వేగం పెరిగిందా తగ్గిందా అని వాదించేవాళ్ళు ఉన్నారు. మాకు మాత్రం ఆ వాదన కంటే కారణం ముఖ్యమనిపిస్తుంది. పనిచేసే మనుషులకు తల పైన కాస్త చోటు ఉండాలని ఓడ రూపాన్నే మార్చారు. హాస్టల్ గదుల్లో మంచానికీ మంచానికీ మధ్య ఎంత చోటు ఉంటుందో ఎరిగిన మనకు ఈ 18 అంగుళాల విలువ వేరే చెప్పనక్కరలేదు.

1921లో ఎల్సీ అనే ఓడను ఓడించి బ్లూనోస్ కప్పు గెలిచింది. 1922లో హెన్రీ ఫోర్డ్ అనే ఓడను, 1931లోనూ 1938లోనూ గెర్ట్రూడ్ తెబో అనే ఓడను ఓడించింది. 1929లో తపాలా బిళ్ళ మీదికి ఎక్కింది. 1937 నుంచి కెనడా పది సెంట్ల నాణెం మీద స్కూనర్ బొమ్మ ఉంది. అయితే గౌరవం అన్నం పెట్టదు కదా! చేపల ధరలు పడిపోయి, ఇంజన్ల కాలం వచ్చింది. 1936లో దీనికీ డీజిల్ ఇంజన్లు బిగించారు. 1942లో అమ్మేశారు. వెస్టిండీస్‌లో సరుకులు మోస్తూ 1946 జనవరి 28న హైతీ దేశం దగ్గర పగడపు దిబ్బకు తగిలి పగిలిపోయింది.

అంటే అసలు ఓడ ఇప్పుడు లేదు. ప్లాన్లు, ఫోటోలు, నమూనాలు మిగిలాయి. నమూనా ఎందుకు విలువైనదో ఇప్పుడు తెలుస్తుంది.

మన తీరం వైపు చూస్తే ఈ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. శాతవాహనుల నాణేల్లో కొన్నింటి మీద రెండు మాస్ట్‌ల ఓడ ఉంది. యజ్ఞశ్రీ శాతకర్ణి పేరుతో ఉన్నవి వాటిలో ప్రసిద్ధం. ఆ ఓడల గురించి నాణెం మీద ఉన్న ఆ గోరంత బొమ్మే మనకు పెద్ద ఆధారం. గోదావరి పాయ ఒడ్డున కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే, బాగుచేసే రేవు. అక్కడి నుంచి బర్మా వెళ్ళిన తెలుగువారిని అక్కడివాళ్ళు కోరంగీలు అని పిలిచేంతగా పేరుపడిన రేవు అది. కొలతలతో చేసిన నమూనా ఉంటే ఒక ఓడ గురించి ఎన్ని సంగతులు తెలుస్తాయో, లేకపోతే ఎన్ని పోతాయో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

స్కేలు లెక్క

మన బల్ల మీదికి 1:64 స్కేలులో చేసిన పాత బ్లూనోస్ నమూనా ఒకటి వచ్చిందనుకుందాం. అంటే అసలు ఓడలో 64 అంగుళాలు నమూనాలో ఒక అంగుళం. ఓడ మొత్తం పొడవు 143 అడుగులు, అనగా 1,716 అంగుళాలు. 64తో భాగిస్తే దాదాపు 27 అంగుళాలు, మన లెక్కలో 68 సెంటీమీటర్లు. వెడల్పు 27 అడుగులు, నమూనాలో 5 అంగుళాలు. అయిదున్నర అడుగుల మనిషి నమూనాలో ఒక అంగుళం ఉంటాడు.

వైశాల్యానికి వచ్చేసరికి 64 వర్గం చేయాలి. అంటే 4,096. అసలు ఓడ తెరచాపలన్నీ కలిపి 10 వేల చదరపు అడుగులకు పైగా. నమూనాలో అది రెండున్నర చదరపు అడుగులు, ఒక చేతిరుమాలు కంటే కొంచెం పెద్దది. లెక్కల మాస్టారు వర్గాలు చెబుతున్నప్పుడు ఇవి ఎందుకు పనికొస్తాయని అడిగేవాళ్ళకు ఇదొక జవాబు.

తాళ్ళకు కూడా ఇదే లెక్క. అసలు ఓడలో అంగుళం లావు తాడు నమూనాలో 0.4 మిల్లీమీటరు. చేతికి ఏ దారం దొరికితే అది కట్టేస్తే ఓడ మీద తాళ్ళ లావు లెక్క తప్పుతుంది. చూసేవాళ్ళకు ఎక్కడో ఏదో బాగాలేదనిపిస్తుంది గానీ ఏమిటో చెప్పలేరు.

ముందు చూడటం, తరువాత చేయడం

నమూనా బల్ల మీదికి రాగానే జిగురు సీసా మూత తీయకూడదు. మొదటి రోజులన్నీ చూడటానికే. అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయాలి. ఏ తాడు ఎక్కడ మొదలై, ఏ కప్పీ గుండా పోయి, ఎక్కడ ముడిపడిందో బొమ్మ గీసుకోవాలి. రాలిపడిన ప్రతి ముక్కనూ, అగ్గిపుల్ల అంత ఉన్నా సరే, విడి కవరులో వేసి నంబరు రాయాలి. పెట్టె అడుగున ఉన్న దుమ్మును కూడా పారబోయకుండా జల్లించి చూడాలి. కనిపించకుండా పోయిన చిన్న కప్పీలు చాలాసార్లు అందులోనే దొరుకుతాయి.

దుమ్ము తీయడానికి మెత్తని కుంచె వాడతారు. రాలిన దుమ్మును పీల్చేందుకు వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి పలుచని వల గుడ్డ కట్టి దూరంగా పట్టుకుంటారు. ఊడిన ముక్క ఏదైనా లోపలికి పోకుండా ఆ గుడ్డ కాపాడుతుంది. మొండిగా అంటుకున్న మురికికి పుల్లకు చుట్టిన దూదిని కొంచెం తడిపి, ముందు కనిపించని మూల పరీక్షించి, అప్పుడు తుడుస్తారు. ఇందుకు మ్యూజియం వాళ్ళు ఉమ్మిని కూడా వాడతారంటే తరగతిలో అందరం నవ్వాం. మనం తిన్న అన్నంలోని పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైము ఉమ్మిలో ఉంటుందని ఎనిమిదో తరగతిలోనే చదివాం కదా, మురికిని వదిలించడంలోనూ అది సాయం చేస్తుంది.

తాళ్ళు, జిగురు

పాత నమూనాల్లో ముందుగా పాడయ్యేవి తాళ్ళు. నూలు దారం వెలుతురుకూ, గాలిలోని ఆమ్లానికీ పెళుసైపోతుంది. నమూనా బాగుచేసేవాళ్ళకు పెద్ద ఆశ ఏమిటంటే, అన్నీ కోసేసి కొత్తవి కట్టేద్దామని. పని సులువు, చూడటానికి బాగుంటుంది. అయితే ఆ ముడులు వేసింది మొదటి పనివాడు. అవి పోతే అతని చేతిపని పోతుంది. నిలిచి ఉన్న తాళ్ళను ఉంచి, తెగినవాటినే మార్చాలి. కొత్త తాడుకు అవిసె నార దారం మంచిది, తేనెమైనం పట్టించి వాడతారు. మాస్ట్‌ను కదలకుండా పట్టి ఉంచే తాళ్ళకు అసలు ఓడలో తారు పూసేవారు. కనుక అవి నల్లగా ఉండాలి. తెరచాపలను ఎత్తి దించే తాళ్ళు లేత రంగులో ఉండాలి. రెండింటికీ ఒకే దారం వాడారంటే చేసినవాడికి ఓడ గురించి తెలియదన్నమాట.

జిగురు విషయంలో సూత్రం ఒక్కటే. రేపు ఇంకొకరు విప్పదీయగలిగేలా అతికించాలి. జంతువుల తోళ్ళను ఉడికించి తీసే పాత జిగురు గోరువెచ్చని నీటికి వదులుతుంది. పారలాయిడ్ బి-72 అనే రెజిన్ అసిటోన్‌లో కరుగుతుంది. దుకాణంలో దొరికే, క్షణంలో అతుక్కునే ట్యూబు జిగురు ఇక్కడ పనికిరాదు. పెన్ను మూత అతికించడానికి అది చాలు. నమూనాలో మాత్రం కొన్నేళ్ళకు పెళుసై ఊడిపోతుంది, పోతూ పోతూ చెక్కను కూడా పట్టుకుపోతుంది.

రంగు గురించి కొంచెమే చెబుతాం. పాత రంగును గీకకూడదు. పోయినచోట మాత్రమే, ముందు వార్నిషు పొర వేసి, దాని పైన కొత్త రంగు దిద్దాలి. అప్పుడు కావాలంటే ఆ దిద్దుబాటును తుడిచేయవచ్చు.

తెల్లపొడి

ఈ పాఠంలో మమ్మల్ని ఎక్కువగా ఆశ్చర్యపరిచింది సీసం సంగతి. పాత నమూనాల్లో లంగరు, కప్పీల వంటి చిన్న భాగాలు సీసం కలిసిన లోహంతో పోత పోసేవారు. కొన్నేళ్ళకు వాటి మీద బూజులాంటి తెల్లపొడి పుడుతుంది. తుడిస్తే పోతుంది, మళ్ళీ వస్తుంది. చివరికి లంగరంతా పొడిగా మారి రాలిపోతుంది.

కారణం నమూనాను కాపాడటానికి పెట్టిన పెట్టెలోనే ఉంటుంది. చెక్క నుంచి, ముఖ్యంగా ఓక్ చెక్క, ప్లైవుడ్‌ల నుంచి, కొన్ని జిగుర్ల నుంచి ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి సన్నగా వస్తూ ఉంటుంది. వెనిగర్‌లో ఉండే ఆమ్లమే ఇది. పెట్టెకు గాలి ఆడే దారి లేకపోతే ఆ ఆవిరి లోపలే నిలిచిపోతుంది. అది సీసంతో కలిసి ముందు లెడ్ ఎసిటేట్ అవుతుంది. తరువాత గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి లెడ్ కార్బొనేట్ అవుతుంది. ఇందులో ఆమ్లం మళ్ళీ విడుదలై పక్క ముక్క మీద పడుతుంది. అందుకే ఈ జబ్బు ఆగదు. దుమ్ము పడకూడదని పెట్టెను ఎంత గట్టిగా మూస్తే నమూనా అంత త్వరగా పాడవుతుంది!

ఆ పొడి విషం. చేతికి తొడుగు, ముక్కుకు మాస్క్ లేకుండా ముట్టుకోకూడదు, ఊదకూడదు. పూర్తిగా పోయిన ముక్క స్థానంలో సీసం లేని తగరపు లోహంతోనో, ఇత్తడితోనో చేసిన ముక్క పెడతారు. పెట్టెకు గాలి ఆడేలా, దుమ్ము రాకుండా వడపోత గుడ్డతో రంధ్రాలు ఏర్పాటు చేస్తారు. ఎండ తగిలే కిటికీ పక్కన, వానాకాలంలో చెమ్మ పట్టే గోడ పక్కన పెట్టరు. చెమ్మకు చెక్క ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. ఏటా ఇలా జరిగితే పలకల అతుకులు విడిపోతాయి.

ఏ ఏడాది ఓడ?

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇది. నమూనా చూపుతున్నది ఏ సంవత్సరపు బ్లూనోస్? అడుగున ప్రొపెల్లర్ లేకపోతే అది 1936కు ముందరి ఓడ. డోరీలు పేర్చి ఉంటే వేటకు బయలుదేరిన ఓడ. డోరీలు లేకుండా తెరచాపలన్నీ ఎత్తి ఉంటే పందెపు ఓడ.

పైగా ఇప్పుడు లూనెన్‌బర్గ్‌లో బ్లూనోస్ 2 అనే మరో ఓడ ఉంది. రూయే పాత ప్లాన్ల మీద, అదే కార్ఖానాలో కట్టి 1963లో దించారు. దానికి చేపలు నింపే అర లేదు, ప్రయాణికుల కోసం గదులు ఉన్నాయి. ఇప్పుడు ఎక్కువగా దొరికే రంగుల ఫోటోలు దానివే. ఆ ఫోటోలు చూసి పాత నమూనాను సరిదిద్దితే 1921 ఓడ మీద 1963 ఓడ వచ్చి కూర్చుంటుంది. ఆ బ్లూనోస్ 2ను కూడా 2010 నుంచి విప్పి చాలా భాగం కొత్త చెక్కతో కట్టి 2012లో మళ్ళీ నీళ్ళలోకి దించారు. ఇది పాత ఓడకు మరమ్మతా, కొత్త ఓడా అని అక్కడ పెద్ద వాదన జరిగింది. చుక్కానిని ఉక్కుతో చేస్తే బరువు ఎక్కువై అదొక చిక్కు తెచ్చింది. అసలు ఓడ దగ్గరే ఇన్ని తగవులుంటే నమూనా దగ్గర ఎంత జాగ్రత్త కావాలి!

ముందు చెప్పిన 18 అంగుళాలను ఇప్పుడు 64తో భాగించండి. ఏడు మిల్లీమీటర్లు. నమూనా ముందుభాగంలో అంచు గీత ఏడు మిల్లీమీటర్లు ఎత్తుగా లేస్తుంది. ఈ కథ తెలియనివాడి కంటికి అది ఉబ్బులాగా, చేతిపనిలో లోపంలాగా కనిపించవచ్చు. చిత్రిక పట్టి నున్నగా చేస్తే గీత అందంగా వస్తుంది. నావికుల తల పైన ఉన్న చోటు మాత్రం పోతుంది. డోరీల సంగతి కూడా అంతే. పగిలిన డోరీలను తీసేసి నేలంతా మెరిసే వార్నిషు కొడితే నమూనా ధనవంతుల విహార నౌకలాగా తయారవుతుంది. సేబుల్ ద్వీపం దగ్గర పోయినవాళ్ళు ఏ పని మీద వెళ్ళారో చెప్పే గుర్తు ఆ నమూనాలో ఇక ఉండదు. కప్పు గెలిచిన కెప్టెన్ పేరు పుస్తకాల్లో ఉంది. డోరీ మనుషుల పని ఎలా ఉండేదో తెలియాలంటే ఆ పగిలిన డోరీ ఉండాలి.

వార్షికోత్సవానికి ముందు వారం హాస్టల్ గోడలకు వెల్ల వేయించేటప్పుడు పాత బ్యాచ్‌ల వాళ్ళు తలుపు పక్కన రాసుకున్న పేర్లు, పదో తరగతి మార్కులు, ఊళ్ళ పేర్లు సున్నం కింద పోవడం మనందరం చూసినదే. గోడకు వెల్ల కావాలి, కాదనం. వేయడానికి ముందు ఎవరైనా ఆ పేర్లను ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే నమూనా పని చేసేవాళ్ళు చేసేది అదే.

పని పూర్తయ్యాక ఒక కాగితం రాయాలి. ఆమ్లం లేని కాగితం మీద, పెన్సిలుతో. ఏయే తాళ్ళు మార్చాం, ఏ ముక్క కొత్తది, ఏ జిగురు వాడాం, అది దేనిలో కరుగుతుంది, ఏ తేదీన చేశాం, ఏ విషయంలో సందేహం మిగిలింది అన్నవి అందులో ఉండాలి. తీసేసిన పాత ముక్కలను కూడా కవర్లలో నంబర్లతో దానికి జతచేయాలి. ఆ కాగితాన్ని నమూనా నిలబెట్టిన పీఠం అడుగున అతికించకుండా, జారిపోకుండా ఒక సంచిలో పెడతారు. మళ్ళీ ఎప్పుడో దాన్ని బల్ల మీదికి తెచ్చినవాళ్ళు ముందుగా పీఠం కింద చూస్తారు.